ఊరి బొంత

(రాత్రి చదువు కేంద్రంలో ఒక వలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



పొద్దంతా పొలంలో పని చేశారు. ఇంటికి వెళ్ళి వంట చేశారు. పిల్లలకు అన్నాలు పెట్టి ఇక్కడికి వచ్చారు. కొందరికి నిద్ర ముంచుకొస్తోంది. నాకు తెలుసు. అందుకే ఇవాళ పలక, పుస్తకం పక్కన పెడదాం. ఇవాళ మాటలు చెప్పుకుందాం.

మీరు వాచకాలు పూర్తి చేశారు. సంతకం పెడుతున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. పొదుపు పుస్తకంలో అంకెలు చూసుకుంటున్నారు. పోయిన వారం మీలో ఒక అక్క నన్ను అడిగింది. "చదువు వచ్చింది, సరే టీచరమ్మా. ఈ చదువుతో మనమంతా కలిసి చేసే పని ఏదైనా ఉందా?" అని.

ఉంది. మనమంతా కలిసి ఒక బొంత కుడదాం.

నవ్వుతున్నారా? నవ్వండి. బొంత కుట్టటానికి చదువెందుకు అనుకుంటున్నారు కదూ! నేను చెప్పేది ఒక ఇంటి బొంత కాదు. ఊరి బొంత. ఇంటికొక గుడ్డ ముక్క. ముక్క మీద ఆ ఇంటామె కుట్టిన బొమ్మ. బొమ్మ కింద ఆమె పేరు. అన్నీ కలిపి ఒకటే బొంత.

మన ఇళ్ళల్లో బొంత కుట్టని ఆడది లేదు. పాత చీర పారేయం. చినిగిన పంచె పారేయం. అన్నీ దాచి, పరిచి, కుడతాం. దాన్ని మనం కళ అనుకోం. ఇంటి పని అనుకుంటాం. కానీ ఈ పనితోనే కొన్నిచోట్ల ఆడవాళ్ళు పెద్ద పెద్ద మాటలు చెప్పారు. వాళ్ళ సంగతి ముందు చెబుతాను.

గోనె గుడ్డ మీద కథలు

చిలీ అని ఒక దేశం ఉంది. మనకు చాలా దూరం. దక్షిణ అమెరికా ఖండంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. 1973 సెప్టెంబరు 11న అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. ఎదురు మాట్లాడిన వాళ్ళను పట్టుకుపోయింది. అట్లా పోయిన వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. బతికున్నారో లేదో కూడా ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు జైళ్ళ చుట్టూ తిరిగారు. ఇంట్లో సంపాదించే మనిషి లేడు. బయట నోరు విప్పే వీలు లేదు. అప్పుడు రాజధాని శాంటియాగోలో చర్చి వాళ్ళ సాయంతో ఈ ఆడవాళ్ళు ఒకచోట కూర్చున్నారు. గోనె గుడ్డ తీసుకున్నారు. దాని మీద పాత గుడ్డ ముక్కలతో బొమ్మలు కుట్టారు. జైలు ముందు నిలబడ్డ తల్లి, పనిలేక మూతపడ్డ ఫ్యాక్టరీ, వీధిలో అందరికీ కలిపి వండే గంజి. కొందరు తప్పిపోయిన మనిషి చొక్కా ముక్కనే అందులో కలిపి కుట్టారు. ఆ కుట్టుపనిని వాళ్ళ భాషలో అర్పియెరా అంటారు. అంటే గోనె గుడ్డ అనే అర్థం.

ఆ గుడ్డలు దేశం దాటి అమ్ముడుపోయాయి. వీళ్ళకు నాలుగు డబ్బులు వచ్చాయి. చిలీలో ఏం జరుగుతోందో బయట లోకానికి తెలిసింది. 1990లో అక్కడ సైనిక పాలన పోయింది. ఆ గుడ్డలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక మన దేశంలో చూడండి. బీహారులో ముజఫర్‌పూర్ జిల్లా ఉంది. అక్కడ భుసురా అని ఒక ఊరు. బొంతను వాళ్ళు సుజని అంటారు. పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి కుడతారు. పుట్టిన బిడ్డను అందులో చుట్టేవాళ్ళు. 1980ల చివర్లో అక్కడి ఆడవాళ్ళు సంఘంగా కూడి ఈ పని మళ్ళీ మొదలుపెట్టారు. పూలు, పక్షులతో ఆగలేదు. కట్నం గొడవ, ఆడపిల్ల చదువు, తమ కష్టసుఖాలు బొమ్మలుగా కుట్టారు.

మన తెలుగు ఆడవాళ్ళు కూడా తక్కువ వాళ్ళు కాదు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటికలు ఆడాయి. రాత్రి బడిలో ఆడవాళ్ళు తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు కలిసి సారాను ఎదిరించారు. వాళ్ళ పని చదువు పుస్తకంలో పాఠం అయ్యింది. ఆ పాఠం చదివి ఇంకా ఎన్నో ఊళ్ళు కదిలాయి. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సొంత బతుకే పాఠమైతే ఎంత బలమో చూడండి.

నేను చేసిన మొదటి తప్పు

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మీ ఊరికి రాకముందు నేను వేరే ఊళ్ళో వలంటీరుగా ఉన్నాను. అక్కడ ఇలాంటి బొంతే కుట్టించాను. బాగా చేశానని చెప్పటానికి కాదు ఇది. ఎక్కడెక్కడ తప్పు చేశానో మీకు తెలియాలి. మళ్ళీ ఆ తప్పులు ఇక్కడ జరగకూడదు.

టీచరు ట్రైనింగులో నాకు డ్రాయింగు నేర్పారు. నాకు బొమ్మలు వచ్చు అని కొంచెం గర్వం. రెండు రాత్రులు కూర్చుని పెద్ద చార్టు మీద బొమ్మ గీశాను. ఒక చెట్టు, తెరిచిన పుస్తకం, లాంతరు పట్టుకున్న స్త్రీ. దాన్ని తీసుకెళ్ళి గోడకు పెట్టాను. "ఇలా కుడదాం" అన్నాను.

మొదటి రోజు 19 మంది వచ్చారు. మూడో రోజు ఆరుగురే మిగిలారు. నేను వాళ్ళను తప్పుపట్టాను. వీళ్ళకు శ్రద్ధ లేదు అనుకున్నాను. అప్పుడు ఒక పెద్దమ్మ సూది పక్కన పెట్టి అంది. "అమ్మాయ్! ఇది నీ బొంత. నీకోసం మేం కుట్టిపెడుతున్నాం. మా బొంతైతే ఎట్టా కుట్టాలో మమ్మల్ని అడిగేదానివి."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చార్టు మడిచేశాను. మర్నాడు చేతిలో ఏమీ లేకుండా వెళ్ళాను. ఒకటే ప్రశ్న అడిగాను. "మీ ఇంట్లో బొంత ఎవరు కుట్టారు? ఏ చీరలతో కుట్టారు?"

ఇంకేముంది! ఆ రాత్రి పదకొండు దాటినా ఎవరూ లేవలేదు. ఒకామె పెళ్ళి చీర సంగతి చెప్పింది. ఒకామె అత్త చీర, ఒకామె వరదలో కొట్టుకుపోయిన పెట్టె సంగతి చెప్పింది. చివరికి వాళ్ళే తేల్చారు. ఎవరి ఇంటి గుడ్డ వాళ్ళే తేవాలి. ఎవరి బొమ్మ వాళ్ళే కుట్టాలి. ఏ బొమ్మ కుట్టాలో ఇంకొకరు చెప్పకూడదు.

"పిలిచావు సరే, ఎక్కడికి పిలిచావు?"

రెండో తప్పు ఇంకా పెద్దది.

ఊరంతా మైకులో చెప్పించాను. కాలనీలో కూడా చెప్పించాను. అందరినీ పిలిచాను కదా అనుకున్నాను. కానీ కాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. నేనే వెళ్ళి అడిగాను. ఒక అక్క పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది. "పిలిచావు సరే. ఎక్కడికి పిలిచావో చూసుకున్నావా?"

నేను పిలిచింది రామాలయం అరుగు మీదికి. ఆ అరుగు మీద కాలనీ వాళ్ళు ఏనాడూ కూర్చోలేదు. నాకు అది చల్లగా, వెడల్పుగా, లైటు కింద ఉన్న చోటు. అంతే కనిపించింది. వాళ్ళకు కనిపించింది వేరు.

మర్నాటి నుంచి కూర్చునే చోటు బడి వరండాకు మార్చాం. రెండు వైపుల పిల్లలూ చదివే బడి అది. కాలనీ నుంచి 11 మంది వచ్చారు. ఊళ్ళో నుంచి వచ్చే వాళ్ళు 25 మంది అయ్యారు. మొత్తం 36. ఆరు వరసలు, వరసకు ఆరు ముక్కలు. లెక్క సరిగ్గా కుదిరిందని సంబరపడ్డాను.

మూడో రోజు ఊళ్ళో నుంచి వచ్చే నలుగురు నన్ను పక్కకు పిలిచారు. "వాళ్ళ ఇళ్ళ పాత గుడ్డ, మా గుడ్డ ఒకే బొంతలోనా? రెండు బొంతలు కుట్టించు టీచరమ్మా. గొడవ ఉండదు" అన్నారు.

మీ దగ్గర దాచను. నేను "సరే చూద్దాం" అన్నాను. గొడవ అంటే నాకు భయం. ఊరికి కొత్తదాన్ని. పని ఆగిపోతుందేమో అని భయం. రెండు బొంతలైతే ఏం పోయింది, అందరూ కుడతారు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ మాట కాలనీ అక్కకు చేరింది. ఆమె వరండాలోకి వచ్చి అందరి ముందూ అడిగింది. "మీ పొలంలో నాట్లకు మా చేతులు కావాలి. ఏ చెయ్యి నాటిందో అన్నం చెబుతుందా? బొంతకే అంటు వచ్చిందా? రెండు కుడితే మేం రాం. మాకు కప్పుకోను బొంత లేక రాలేదు."

ఎవరూ మాట్లాడలేదు. అందరూ నావైపు చూశారు. చేతులెత్తమని ఓటు పెడదామా అని ఒక క్షణం అనుకున్నాను. కానీ ఒకటి గుర్తొచ్చింది. ఏ రంగు దారం వాడాలో ఓటుకు పెట్టొచ్చు. పక్కన ఎవరు కూర్చోవచ్చో ఓటుకు పెట్టకూడదు. అది మన రాజ్యాంగం ఎప్పుడో తేల్చేసింది. 1950 నుంచి అమలులో ఉన్న మన రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. నా గొంతు వణికింది. అయినా చెప్పాను. "ఒకటే బొంత. లేకపోతే బొంతే లేదు. రెండు అంటే తప్పు. సరే చూద్దాం అని నేను అనటం కూడా తప్పు."

నలుగురిలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఇద్దరు తల వంచుకుని కూర్చున్నారు. తరువాత సూదిలో దారం ఎక్కించుకున్నారు. 34 మందితో పని సాగింది.

పని ఎలా సాగింది?

ఇప్పుడు పని పద్ధతి చెబుతాను. బాగా వినండి. ఇది మనకూ పనికొస్తుంది.

మొదట కాలం చూసుకున్నాం. నాట్లప్పుడు, కలుపులప్పుడు ఎవరికీ తీరదు. సంక్రాంతి దాటాక, మిరప కోతలు ముదరక ముందు మొదలుపెట్టాం. వారానికి మూడు రాత్రులు, రెండేసి గంటలు.

రెండోది కొలత. ముక్కకు ఒక మూర పొడవు, ఒక మూర వెడల్పు అనుకున్నాం. కుట్టి చూస్తే ఒకటీ కలవలేదు! ఎందుకు? ఎవరి మూర వాళ్ళది. పొడుగు మనిషి మూర పొడుగు. అందుకని ఒక కందికట్టె తెచ్చి, దాన్ని మూర పొడవుకు విరిచాం. అదే అందరికీ కొలత. చుట్టూ కుట్టు కోసం రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ ఎక్కువ వదిలాం.

మూడోది గుడ్డ. పాత గుడ్డే అయినా రంగు పోతుందేమో చూడాలి. ఉప్పు నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఆరేసి తెచ్చుకున్నాం. పైన బొమ్మల ముక్కలు, నడుమ పాత పంచెలు, అడుగున చీరలు. ముందు వదులుగా టాకాలు వేశాం. తరువాత నడుమ నుంచి అంచుల వైపుకు కుట్టుకుంటూ వచ్చాం. అంచు నుంచి మొదలుపెడితే నడుమ ముడతలు వస్తాయి. ఈ సంగతి నాకు తెలియదు. పెద్దమ్మే నేర్పింది.

నాలుగోది చోటు. ఎవరి ముక్క ఎక్కడ? వదిలేస్తే స్నేహితులంతా ఒక పక్క చేరతారు. ఊరు ఒక వైపు, కాలనీ ఒక వైపు అవుతుంది. అందుకని 1 నుంచి 36 దాకా చీటీలు రాసి కుండలో వేశాం. ఎవరి చీటీ వాళ్ళే తీసి, అంకె వాళ్ళే చదివారు. రాని ఇద్దరి కోసం రెండు చీటీలు కుండలోనే మిగిలాయి. ఆ రెండు చోట్ల తెల్ల గుడ్డ ముక్కలు పెట్టి కుట్టేశాం.

ఐదోది ఖర్చు. సూదులకు, దారానికి తలా పది రూపాయలు. లేని వాళ్ళను అడగలేదు. జమ, ఖర్చు నోటుపుస్తకంలో రాశారు. రాసింది నేను కాదు, వాళ్ళే. ప్రతి శనివారం గట్టిగా చదివి వినిపించారు.

పేరు, వేలిముద్ర, మాట

ముక్కల మీద ఎన్ని బొమ్మలో! ఒకామె బోరింగు కుట్టింది. ఒకామె పాలిచ్చే గేదెను, ఒకామె పట్నం పోయిన కొడుకు ఎక్కిన బస్సును కుట్టింది. ఒకామె ఏ బొమ్మా లేకుండా తన పేరే ముక్క నిండా కుట్టింది.

ఆమె పేరులో ఒత్తు తప్పిపోయింది. నేను సరిచేద్దామని కత్తెర తీసుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నా పేరు నేను కుట్టుకున్నా. ఒత్తు కూడా నేనే పెట్టుకుంటా" అంది. మర్నాడు పెట్టుకొచ్చింది.

మొదట నన్ను మందలించిన పెద్దమ్మ నీలం దారంతో వేలిముద్ర కుట్టింది. గీతలు గీతలుగా, అచ్చం సిరా ముద్రలాగే. కింద తన పేరు కుట్టింది. "ఇదే నా ఆఖరి వేలిముద్ర" అంది.

ఒక తల్లి చిన్న గౌను గుడ్డ తెచ్చింది. నేను అందరి ముందూ అడిగాను. "ఎవరిది పిన్నీ? చెప్పు" అని. ఆమె లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. అది పోయిన బిడ్డ గౌను అని తరువాత తెలిసింది. ఇది నా మూడో తప్పు. ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆమె అంది. "గుడ్డ ఇస్తా. మాట ఇవ్వను." ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. చెప్పాలనుకున్న వాళ్ళు చెబుతారు. చెప్పని వాళ్ళను ఎవరూ అడగరు.

రెండు తాళాలు

బొంత పూర్తయింది. ఆరు మూరల పొడవు, ఆరు మూరల వెడల్పు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన చూసి, ఆఫీసు గోడకు పెట్టుకుంటాను, అమ్మమన్నాడు. ధర కూడా చెప్పాడు. ఈ సంగతి మేము ముందే మాట్లాడుకుని ఉండాల్సింది. మాట్లాడుకోలేదు. అందుకని రెండు రాత్రులు వాదులాట. డబ్బు కావాలన్న వాళ్ళది తప్పు కాదు. అందరికీ అవసరాలున్నాయి. చివరికి అమ్మకూడదని తేల్చారు. అమ్మకానికి కావాలంటే వేరే చిన్న బొంతలు కుడదాం అనుకున్నారు.

మరి ఎవరి ఇంట్లో ఉంచాలి? ఊళ్ళోనా, కాలనీలోనా? కాలనీ అక్కే దారి చెప్పింది. బడిలో ఒక రేకు పెట్టె. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి ఊళ్ళో, ఒకటి కాలనీలో. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు, మార్చి 8న మహిళా దినోత్సవానికి, సెప్టెంబరు 8న అక్షరాస్యతా దినోత్సవానికి, దాన్ని బడి గోడకు కడతారు.

వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకామె మిరప కోతలు అయ్యాక వచ్చింది. తెల్ల ముక్క మీద తులసి కోట కుట్టింది. ఆమె పక్క ముక్క కాలనీ ఆమెది. చీటీలో అట్లా వచ్చింది. రెండో ఆమె రాలేదు. ఆ ముక్క ఇంకా తెల్లగానే ఉంది. దాన్ని ఎవరూ పూలతో నింపలేదు. ఒక బొంతతో ఊరు మారిపోయిందని నేను అబద్ధం చెప్పను. రామాలయం అరుగు మీద ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు కూర్చోవటం లేదో ఇప్పటికీ అంతే. కానీ రెండు తాళంచెవులు మాత్రం కలుస్తున్నాయి.

ఇప్పుడు మన సంగతి

అమ్మా, అక్కా! మన ఊళ్ళో ఏం బొమ్మ కుడదాం అని నేను ఇవాళ అడగను. చార్టు తేలేదు. తెచ్చింది ఒక కందికట్టె, ఒక కొత్త నోటుపుస్తకం.

నేను అడిగేది ఒకటే. ఒక్కసారి చుట్టూ చూడండి. ఇక్కడ ఎవరు ఉన్నారు? ఎవరు లేరు? రాని వాళ్ళు ఎందుకు రాలేదు? పని ఉండి రాలేదా? పిలవక రాలేదా? పిలిచిన చోటు వాళ్ళు రాగలిగే చోటేనా?

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ ఊరు మీది. ఎవరి ఇంటికి ఎవరు వెళ్ళాలో మీకే తెలుసు. రేపు రాత్రి దాకా ఆలోచించండి. ఎక్కడ కూర్చుందామో ముందు తేల్చండి. నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ చోటు పేరు మీలో ఎవరైనా రాయండి. తరువాతే సూదీ దారం.



మాట్లాడుకోండి

1. బొంత కుట్టే చోటు మార్చాక ఏం జరిగింది?
2. రెండు బొంతలు కుట్టి ఉంటే ఏం పోయేది?
3. బొంతను అమ్మటం మంచిదా, ఉంచటం మంచిదా? మీరైతే ఏం చేసేవాళ్ళు?

రాయండి

మీ ఇంట్లో ఒక పాత గుడ్డ గురించి నాలుగు మాటలు రాయండి. కింద మీ పేరు రాయండి. రాయాలని లేకపోతే పేరు ఒక్కటే రాయండి.